రౌతు ఏ గడిలో ఉన్నట్టు?

పడుకోబోయే ముందు మా అమ్మాయి దుప్పట్లోంచి తల బయటికి పెట్టి, "మమ్మీ, రేపు స్కూటీ మీద నేను ముంగట నిలవడాల్నా, ఎనక కూసోవాల్నా?" అని అడిగింది. రెండో తరగతి పిల్ల అడిగే మామూలు ప్రశ్నే. అయినా నా దగ్గర జవాబు సిద్ధంగా లేక, పొద్దున చెప్తాను పడుకోమన్నాను. అది నా మాట నమ్మి వెంటనే నిద్రపోయింది. నేను మాత్రం వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ముంగటా, ఎనకా అన్న ఆ ప్రశ్న నేను చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా విన్నదే, దాని మీద మా ఇంట్లో పెద్ద కొట్లాట కూడా అయింది.

ముందు ఇప్పటి సంగతి చెప్పాలి. వానాకాలం మొదట్లో, బడి నుంచి దాన్ని తీసుకొస్తుంటే, పొలాల్లో దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్లు రాల్చిపోయిన బురద మీద నా స్కూటీ జారింది. పెద్ద వేగమేమీ లేదు. నా ముందు నిలబడ్డ పిల్ల గదమ, అంటే గడ్డం, హ్యాండిల్‌కు కొట్టుకుని చీరుకుపోయింది, దవాఖానలో కుట్లు వేశారు. నా మోకాలు దోక్కుపోయిన సంగతి ఇంటికొచ్చాక పిల్ల వాళ్ళ అవ్వ, అంటే మా అత్త, చూసి చెప్తే గానీ నాకు తెలియలేదు. ఆనాటి నుంచి స్కూటీ వరండాలో పరదా కప్పుకుని నిలబడింది, పిల్ల ఆటోలో పోతోంది. ఆటోలో పోతున్నా నాకు నిమ్మళమేమీ లేదు. బడి విడవక ముందే మా ఇంటి గేటు దగ్గర నిలబడి, మూల తిరిగే ప్రతి ఆటో చప్పుడుకూ మెడ చాచే తల్లిని నేను.

ఇప్పుడు ఆ ఆటో నడిపే పెద్దాయన బండి అమ్మేసి కూతురి ఊరికి వెళ్ళిపోతున్నాడు, ఇవాళే ఆఖరు రోజు. వేరే ఆటోల్లో పిల్లల్ని ఒకరి ఒడిలో ఒకరిని కూర్చోబెట్టి, డ్రైవర్‌కు అటూ ఇటూ కూడా ఇరికించి తీసుకుపోతారు. అది చూస్తూ చూస్తూ నేను ఎక్కించలేను. మా ఆయన జహీరాబాద్ దిక్కు ఫ్యాక్టరీలో డ్యూటీ, ఆదివారాలు తప్ప ఇంట్లో ఉండడు. అందుకని రేపటి నుంచి స్కూటీ మీద నేనైనా తీసుకుపోవాలి, లేదంటే పిల్ల బడి మానాలి. నాలుగు రోజులు మానితే ఏమైతది అని నాలోనే ఒక గొంతు వారం రోజులుగా గొణుగుతోంది. ఆ గొంతు నోరు మూయించడానికే నాకు చిన్నప్పటి ఒక గుర్రం కథ కావలసి వచ్చింది.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇంటికంతా ఒకే సెల్‌ఫోన్, అదీ బాపు జేబులో ఉండే రోజులు. ఎండాకాలం సెలవులంటే బాన్సువాడలో మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లే. వరండాలో అమ్మ, పెద్దమ్మ, పక్కింటి ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, పిల్లలం తడిపిన తునికాకు కత్తిరించి ఇచ్చేవాళ్ళం. ఆ పని కాగానే మిగతా పొద్దంతా మాదే. నా ఇంటర్ మొదటి సంవత్సరం అయిన ఎండాకాలం, హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మా అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, హాస్టల్‌లో నేర్చుకున్న ఒక ఆటను జిరాక్స్ కాగితాల కట్టతో సహా మోసుకొచ్చాడు.

ఆ ఆట ఏంటో చెప్పడం కొంచెం కష్టం, ఎందుకంటే అందులో గెలవడం ఓడడం అని వేరే ఏమీ ఉండదు. ఒకరు కథ నడుపుతారు, శత్రువులు, రాక్షసులు, గాలివానలు అన్నీ వాళ్ళ నోట్లోనే ఉంటాయి. మిగతావాళ్ళు తలా ఒక మనిషి అవుతారు, ఆ మనిషి ఇప్పుడు ఏం చేస్తాడో చెప్తారు, అది జరిగిందా లేదా అన్నది పాచిక చెప్తుంది. యుద్ధం వచ్చినప్పుడు మాత్రం నేల మీద గళ్ళు గీసి, ఎవరు ఏ గడిలో నిలబడ్డారో గింజలు పెట్టి చూపాలి. పక్క గడిలో ఉన్నవాడినే కత్తితో కొట్టగలం, అంతకు దూరం కత్తి అందదు. మా గళ్ళు పెద్దమ్మ ఇంటి షాబాద్ బండల మీద ముగ్గుపిండితో గీసినవి, మనుషులు చింతగింజలు, శత్రువులు కంకర రాళ్ళు. పాచిక మాత్రం అసలుదే, రేగుపండంత ఉండి ఒళ్ళంతా ముఖాలున్న పచ్చ పాచిక. అది ఒకసారి దొర్లిపోయి పెద్దమ్మ చాటలో తంబాకు కింద దాక్కుంటే, కార్ఖానాకు పోయే బీడీల్లో చుట్టేసిందేమో అని సాయంత్రం దాకా కట్టలన్నీ ఒత్తి ఒత్తి చూశాం.

ఆడేవాళ్ళం ముగ్గురం. నేను కత్తి పట్టిన రౌతును. మా చెల్లె, అప్పటికి అయిదో తరగతి, మందులు తెలిసిన వైద్యురాలు. మూడోవాడు పెద్ద కొడప్‌గల్ నుంచి సెలవులకు వచ్చిన మేనత్త కొడుకు, మా బావ. ఆ బావే తర్వాత మా ఆయన అయ్యాడు, అదంతా వేరే ముచ్చట, ఇక్కడ అక్కర లేదు. కథ నడిపేది అన్న. కొండ మీద కోటలో జనం విషజ్వరంతో పడి ఉన్నారు, వాళ్ళకు మందు చేసి ఇవ్వగలిగింది మా చెల్లె ఒక్కతే, ఆమెను గుర్రం మీద ఆ కోటకు చేర్చాలి. సెలవులన్నీ నడిచిన కథ ఇంతే.

గుర్రం దగ్గరే మా తిరకాసు అంతా. మనిషికి ఒక గడి, గుర్రానికి ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు గళ్ళు అని అన్న చెప్పాడు. సబ్బు పెట్టె అట్టను నాలుగు గళ్ళంత కత్తిరించి గుర్రమన్నాం. అట్ట మీద రౌతు గింజ పెట్టాలి కదా, ఎక్కడ పెట్టాలి? జిరాక్స్ కాగితాల్లో దాని గురించి ఒక పేజీ ఉంది గానీ, గుర్రం గురించి చదివేదేముంది, చూడలేదా మనం అని అన్న దాన్ని దాటేశాడు. చూశాం, నిజమే. మహారాష్ట్ర సరిహద్దులో డోంగ్లి అవతలి నుంచి పెండ్లి బరాత్‌లకు తెచ్చే తెల్ల గుర్రాన్ని మేమందరం చూశాం. మరాఠీలో అదిలిస్తేనే కదిలే గుర్రం అది, తెలుగులో ఎంత అరిచినా చెవి కూడా ఆడించేది కాదు. దాని మీద ముందు పెండ్లికొడుకు, వెనక తోడుగా ఒక చిన్న పిల్లగాడు, కింద లగాం పట్టుకుని నడిచే మనిషి. ఇంతకు మించి గుర్రం ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు.

అందుకని మా ఆటలో గుర్రం అలాగే నడిచింది. ముందు రెండు గళ్ళు నావి, వెనక రెండు గళ్ళు చెల్లెవి, గుర్రం ముందు గడిలో లగాం పట్టుకున్న బావ. బావ ఎంత వేగంగా నడిస్తే గుర్రం అంతే వేగంగా పోవాలి. లోకంలో ఎక్కడైనా రౌతులు దుమ్ము రేపుకుంటూ పోతారు, మేం మాత్రం శత్రువులు తరుముతున్నా బ్యాండు మేళం వెనక పోతున్నట్టే పోయేవాళ్ళం. బావకు ఇది అస్సలు నచ్చేది కాదు.

"సెలవులన్ని గుర్రం ముంగట నడుసుడేనా నా బతుకు? నేనేమన్న బరాత్‌ల గుర్రపోన్నా?" అనేవాడు.

"లగాం ఇడిస్తె గుర్రం ఎటు వోతదో నీకెరుకనా? సప్పుడు జేయక నడువు," అనేవాడు అన్న.

"గుర్రాలు, కత్తులు అటెన్క. ఆకు ఆరిపోతుంది, ముందుగాల అది కత్తిరించుండ్రి," అని వరండాలోంచి పెద్దమ్మ.

చెల్లెకు ఉన్న బాధ వేరు. వెనక కూర్చుంటే తనకు ముందు ఏమవుతుందో కనబడదని, నాకు వెనక ఏమవుతుందో కనబడదని దాని ఫికర్. ప్రతి యుద్ధానికీ ముందు, "అక్కా, నేను ముంగటికి రావాల్నా, ఎనకనే ఉండాల్నా?" అని అడిగేది. ముందు ఉంటే ముందు దెబ్బ, వెనక ఉంటే వెనక దెబ్బ, అన్నకే సరైన జవాబు తెలియదు. వెనకే ఉండమనేవాళ్ళం.

అన్న హైదరాబాద్ వెళ్ళిపోయే ముందు రోజు కోట కింది వంతెన దగ్గరికి వచ్చాం. మళ్ళీ దసరాకు గానీ రాడు, కథ ఆ రోజే ముగియాలి. వంతెన వెడల్పు సరిగ్గా రెండు గళ్ళు, గుర్రం ఎక్కితే పక్కన చీమకు కూడా చోటు లేదు. సగం దూరం పోగానే ముందు నుంచి ఇద్దరు, వెనక నుంచి ఇద్దరు బరిసెలతో వచ్చారు. అన్న పాచిక వేశాడు, బావ మొదటి దెబ్బకే పడిపోయాడు. లగాం పట్టేవాడు లేడు గనుక గుర్రం ఇక కదలదు. నా గళ్ళు ముందరివి గనుక నా కత్తి ముందువాళ్ళకే అందుతుంది. వెనకవాళ్ళు చెల్లెను పొడవబోతున్నారు, దానికి కత్తి లేదు, మందుసంచి ఉంది. చనిపోయినవాళ్ళు మళ్ళీ ఆటలోకి రాకూడదని అన్న మొదటి రోజే పెట్టిన నియమం. చెల్లె చనిపోతే కోటలో మందు చేసేవాళ్ళు లేరు, కథా అయిపోయింది, చెల్లె ఎండాకాలమూ అయిపోయింది.

చెల్లె ఏడవలేదు. చింతగింజ మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. ఏడ్చి ఉంటే ఊరుకోబెట్టేదాన్ని, ఏడవకపోవడం చూసి నాకు ఎక్కడలేని మొండితనం వచ్చింది.

"ఎనక ఉన్నోళ్ళను నేను కొడ్త," అన్నాను.

"ఎట్ల కొడ్తవు? నువ్వు ముంగటి గడిల ఉన్నవ్," అన్నాడు అన్న.

"గుర్రం మీద కూసున్నోళ్ళు ఎనక్కి తిరగరా?"

"బరాత్‌ల పెండ్లికొడుకు తిరుగుతడా?"

"పెండ్లికొడుకు మెడల పూలదండలుంటయి, తిరగడు. నాకేమున్నది?"

అన్న ఒప్పుకోలేదు. అప్పుడు నేను చెల్లెను లేపి, వరండా పిట్టగోడ మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని, దాన్ని నా వెనక కూర్చోబెట్టుకున్నాను. బావ చేతికి చీపురు ఇచ్చి, వెనక నుంచి చెల్లెను పొడవమన్నాను. బావ అప్పటికే చచ్చి కూర్చున్నాడు గనుక ఉత్సాహంగా వచ్చాడు. చీపురు చెల్లె వీపుకు తగిలే లోపల నేను నడుము తిప్పి, దాని భుజం మీదుగా చెయ్యి చాచి చీపురును పట్టేసుకున్నాను. అటు నుంచి రమ్మన్నాను, అటూ పట్టుకున్నాను. ముందు నుంచి వస్తే ముందు పట్టుకున్నాను. బావ పట్టుదలకు పోయి గట్టిగా లాగితే చీపురు కట్టు ఊడి పుల్లలన్నీ పెద్దమ్మ చాటలో పడ్డాయి. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ పుల్లలన్నీ ఏరి పెట్టాక అన్న లోపలికి పోయి, తాను దాటేసిన పేజీ తెచ్చి మొదటిసారి చదివాడు. చదువుతూ చదువుతూ కొంచెం చిన్నబోయాడు. లగాం పట్టే మనిషి ఊసే అందులో లేదు. గుర్రాన్ని నడిపేది దాని మీద ఉన్న రౌతే. రౌతుకు ముందు గడి, వెనక గడి అని వేరుగా లేవు, గుర్రం నిలబడ్డ నాలుగు గళ్ళూ రౌతు నిలబడ్డవే. గుర్రానికి ఏ పక్కన ఎవడున్నా రౌతు కత్తి వాడికి అందుతుంది.

"అంటే సెలవులన్ని నేను ఉత్తగనే నడిశిన్నా?" అన్నాడు బావ. 

అన్న కాగితం మడిచి నా వంక చూశాడు. "ఒకటి యాదికుంచుకో. నాలుగు గళ్ళు నీయే అయితే, నాలుగు దిక్కుల ఉన్నోళ్ళ బరిసెలు గూడ నీకు అందుతయి. ఇన్నొద్దులు నీకు ముంగటి దెబ్బలే. ఇప్పుడు ఎనకటియి గూడ నీయే."

"రానీ," అన్నాను.

పెద్ద ధైర్యం ఏమీ కాదు అది. గింజే కదా పోయేది. కానీ ఆ మాట అన్న క్షణంలో నాలో భయం పోయి, దాని జాగాలో చేయవలసిన పని వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. తర్వాత జీవితంలో పరీక్ష హాలులో, కాన్పు గది గడప దగ్గర ఆ మార్పు కోసం ఎదురు చూశాను. కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు రాలేదు.

వెనకవాళ్ళలో ఒకడిని కొట్టాను, రెండోవాడు నన్ను పొడిచాడు. లగాం నా చేతిలోకి వచ్చిన గుర్రం మొదటిసారి గుర్రంలా ఉరికింది, ముందున్న ఇద్దరినీ తొక్కుకుంటూ వంతెన చివరికి పోయి, అక్కడ వెనకవాడు విసిరిన బరిసె దెబ్బకు కూలింది. గుర్రం పడితే పైన ఉన్నవాళ్ళు తలా ఒకసారి పాచిక వేయాలి, మంచిది పడితే పక్క గడిలో కాళ్ళ మీద నిలబడతారు, లేకపోతే నేల మీద. నేను నేల మీద పడ్డాను. చెల్లె రెండు చేతుల మధ్య పాచికను చాలాసేపు ఆడించి వేసింది, అది నిలబడింది. తన వంతు రాగానే కోట తలుపు వైపు ఉరకకుండా నా గడి పక్కకు వచ్చి, "అక్కను లేపుతున్న," అంది. ఇద్దరం కలిసే తలుపు దాటాం. సంచిలో మిగిలిన కాస్త మందుతో వెనక్కి పోయి బావను కూడా బతికించింది. అన్న ఆ రోజు చావు లెక్కలు చూసీ చూడనట్టు పోనిచ్చాడు. "అప్పటికన్న యాదికొచ్చిన్నా మీకు," అన్నాడు బావ.

ఇదంతా ఇవాళ గుర్తు చేసుకోవడానికి ఇంకో కారణం ఉంది. స్కూటీ పడ్డ రోజు నాకు గుర్తున్నదంతా పిల్ల గదమ మీది నెత్తురే. కుట్లు ఊడదీసిన తర్వాత ఒకరోజు అది ఎవరికో చెప్తుంటే విన్నాను: బండి కింద మమ్మీ ఇరుక్కుపోయింది, నేను లేసి మమ్మీ చెయ్యి వట్టి గుంజిన, అని. నాకు అది అసలు జ్ఞాపకమే లేదు. నేను మోసుకుపోయానని అనుకున్న పిల్ల నన్ను లేపింది.

సాయంత్రం బడి నుంచి వచ్చాక దాన్ని అవ్వ దగ్గర వదిలి, పరదా తీసి స్కూటీ తుడిచాను. చాలాసేపు కిక్ కొడితే గానీ లేవలేదు. బస్టాండ్ దాకా ఒక్కదాన్నే పోయి వచ్చాను, పోయేటప్పుడు కాళ్ళు నేలకు ఆనిస్తూ పోయాను, వచ్చేటప్పుడు పైకి పెట్టుకున్నాను. కాలువ రోడ్డు మీద బురద ఎండి పెళ్ళలు కట్టింది, ఎక్కడ ఎంత ఉందో చూసి పెట్టుకున్నాను. వస్తూ వస్తూ పిల్ల తలకు సరిపోయే హెల్మెటూ, దాని నడుమును నా నడుముకు కట్టే బెల్టూ కొన్నాను. రాత్రి బావ ఫోన్ చేసి, వేరే ఆటో ఎవరినైనా మాట్లాడనా అని అడిగాడు. వద్దన్నాను. "మరి లగాం ఎవలు వట్టుకుంటరు?" అన్నాడు. నవ్వుతున్నాడో భయపడుతున్నాడో ఫోన్‌లో తెలియలేదు, రెండూ అయి ఉంటాయి. నేనే అన్నాను.

ఇప్పుడు ఆ ఆట ఎవరూ ఆడగా చూడలేదు. పిల్లలు ఫోన్లలో గుర్రాలు ఎక్కుతారు. అక్కడ రౌతు ఎక్కడ ఉన్నాడో ఫోనే చూసుకుంటుంది, అందుకోసం ఎవరూ పిట్టగోడ ఎక్కి కూర్చోవలసిన పని లేదు. బరాత్‌లకు పూలు కట్టిన కారు, దాని ముందు డీజే. ఆ తెల్ల గుర్రం, దానితో మరాఠీలో మాట్లాడుతూ నడిచే మనిషి ఏమయ్యారో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. పెద్దమ్మ వరండాలో షాబాద్ బండలు తీసేసి నున్నటి టైల్స్ వేశారు, ముగ్గుపిండి నిలవదు. అన్న ఫోన్ చేస్తే ఉద్యోగం గురించే మాట్లాడతాడు, చెల్లె పుణెలో ఉంటుంది. ఏ నియమమైనా చదివి తెలుసుకునే ముందు అందరం తప్పుగా ఆడడానికి మాకు ఒక ఎండాకాలమంతా ఉండేది. నా పిల్లకు అంత తీరిక ఉందో లేదో తెలియదు. తప్పు ఆడితే గింజ పోయే ఆట కాదు ఇప్పటిది, గదమ మీద మచ్చ పడుతుంది. ఆ తేడా నాకు తెలుసు, తెలిసే రాస్తున్నాను.

పొద్దున అది లేవగానే చెప్పవలసిన మాట ఇప్పుడు నా దగ్గర ఉంది. ఎనక కూసో బిడ్డా, నాకు కనబడవని భయపడకు, ఎనక జాగ కూడ నాదే. నేను ముంగట్నే ఉన్ననని అనుకోకు, బండి ఎంత పొడుగుందో అంత పొడుగు నేనున్న.

స్కూటీ మీది పరదా మడిచి అల్మారా మీద పెట్టాను. మళ్ళీ తేలిగ్గా చేతికి రాకుండా, స్టూలు వేసుకుని, గోడ దాకా లోపలికి తోసేశాను.